ముప్ఫై మిల్లీలీటర్ల లోపు

మన్నడిలో మా ఆఫీసు మెట్లు
ముందు వాసన ఎక్కుతుంది, తర్వాత మనిషి.
ఇవాళ అసిటోన్.
దాని వెనకే కోరుక్కుపేట సంజీవమ్మ,
చంకలో బిస్కెట్ల అట్టపెట్టె,
అందులో ఇరవైనాలుగు సీసాల గోళ్ళరంగు,
తన వంటింట్లో తనే కలిపింది.
"పోర్ట్ లూయీలో మా వదిన పార్లర్ పెట్టింది.
పంపిస్తావా, అటూ ఇటూ తిప్పుతావా?"

పుస్తకం తీశాను.
అందులో సంజీవమ్మ రంగులకి రంగుల్లేవు,
ఒక అంకె ఉంది: పన్నెండువందల అరవైమూడు.
మూడో తరగతి. మండేది.
"నా రంగులా!" అంది, పరువు పోయినట్టు.
"అవునమ్మా. అగ్గిపుల్లకి దూరపు చుట్టం."
"గోటికి పూసుకునేదానికి ఇంత తతంగమా?
గోరంతని కొండంత చేస్తున్నావు."

నిజానికి పుస్తకం చేసేది
కొండంతని గోరంత చేయడమే.
చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టమని
మనవాళ్ళు అంటారు.
పుస్తకం అలా అనదు.
చిన్న పాముకి చిన్న కర్ర చాలు,
మరీ చిన్నదైతే
చూడనట్టు పక్కకి తప్పుకో అంటుంది.

సీసాకి ముప్ఫై లోపు,
పెట్టెకి అర లీటరు లోపు.
పదిహేను చొప్పున ఇరవైనాలుగు, మూడువందల అరవై.
"గట్టెక్కావు" అన్నాను.
గట్టెక్కినా షరతులున్నాయి:
మూతకి టేపు, సీసాకో కవరు,
అన్నీ పగిలినా మొత్తం తాగేసేంత దూది,
చివరికి ఒక పతనం.

ఇలాంటిదే ఇంకో పెట్టె కట్టి, సీసాల్లో నీళ్ళు పోసి,
ఏళుమలై స్టూలెక్కాడు.
గచ్చు మీద నుంచి నూట ఎనభై సెంటీమీటర్లు,
గోడ మీద నేనే గీసిన పెన్సిలు గీత.
అడుగు మీద పడేశాడు. తల మీద.
పొడుగు పక్క మీద, పొట్టి పక్క మీద.
మూల మీద పడేసేటప్పుడు
సంజీవమ్మ చెవులు మూసుకుంది.
విప్పి చూస్తే దూది పొడిగానే ఉంది.
కింది అంతస్తు ఇనుపకొట్టాయన
పైకొచ్చి తిట్టి వెళ్ళాడు.

అసలు పెట్టెకి టేపు వేశాక
అలవాటుకొద్దీ అడిగాను,
"ఏళుమలై, కాస్త వాసన చూడు, కారుతోందా?"
నవ్వాడు.
"నేనా? తిన్నర్ గోడౌన్‌లో పంతొమ్మిదేళ్ళు.
మల్లెపూలూ తెలీవు,
అన్నం మాడినా తెలీదు.
మా ఆవిడ కేకేస్తే తెలుస్తుంది."

పుస్తకంలో ఇంకో పేజీ ఉంది.
సీసాకి ఒక్క మిల్లీలీటరు దాటకపోతే
గుర్తు అంటించక్కర్లేదు,
ఎవరికీ చెప్పక్కర్లేదు.
ఆ గోడౌన్‌లో ఏళుమలై ముక్కులోకి
రోజుకి ఎంత వెళ్ళి ఉంటుంది?
మిల్లీలీటరా? అరా?
ఏ రోజుకారోజు మినహాయింపే.
పంతొమ్మిదేళ్ళని నిలువుగా కూడే గడి
నేను నింపే ఏ ఫారంలోనూ లేదు.
ఈ మాట అతనితో అనలేదు.
పెట్టె మీద ఎర్ర చారల అంచున్న చీటీ అంటించి,
కింద మూడు అని రాశాను.

డబ్బులిచ్చి కూడా సంజీవమ్మ కదల్లేదు.
కొంగు ముడి విప్పి
ఇరవైఅయిదో సీసా తీసింది.
"వేలు చాపు."
నా ఎడమ బొటనవేలికి పూసింది,
నేరేడుపండు కొరికాక నాలుక ఉండే రంగు.
పేరేమిటంటే "ఇంకా పెట్టలేదు" అంది.
ఎంత పట్టిందో గోరు మీద?
లెక్క వేయబోయి మానేశాను.

హార్బర్ వైపు నుంచి గాలి రాలేదు.
ఫ్యానుకి కరెంటు లేదు.
"ఆరిందా?" అని
ఏళుమలై తన వేలితో నొక్కి చూశాడు.
ఆరలేదు.
అతని వేలి గీతలు, సగం చక్రం,
నా గోటి మీద దిగబడ్డాయి.
సారీ సారీ అంటూ చొక్కాకి తుడుచుకున్నాడు.

సంజీవమ్మ మళ్ళీ పూస్తానంది.
వద్దన్నాను.
ఆ చేత్తోనే కాగితాన్ని నొక్కిపట్టి
కుడిచేత్తో సంతకం పెట్టాను.